ఎంగిలి బంగారం

ఆ బల్లకి రెండే కాళ్ళు. అవీ ముందరి వైపే. వెనక్కి వెళ్ళి చూస్తే చదును చెక్క, దానికి రెండు ఇనప కొక్కేలు, అంతే. గోడకి తగిలిస్తేనే నిలబడుతుంది, లేకపోతే బోర్లా పడుతుంది. గోడ చూసుకుని నిలబడే మనుషుల్ని లీలారాణి చాలామందిని చూసింది గానీ, అలాంటి బల్లని చూడటం ఇదే మొదలు.

"ఫ్రెంచి వాళ్ళదట లీలా" అంది శైలజ. "కన్సోల్ టేబుల్ అంటారు. విజయనగరం అవతల ఏదో పాత బంగళా సామాను అమ్ముతుంటే మా ఆయన తెచ్చారు. చెయ్యగలవో లేదో చెప్పెయ్. లేదంటే స్ప్రే కొట్టించేస్తాను."

స్ప్రే అనే మాటకి లీలారాణి ముక్కు ముడిచింది. శ్రీకాకుళంలో ఒక షీల్డుల దుకాణంలో ఆమె చేసే పని అదే. ఆటల పోటీల కప్పులకీ, పదవీ విరమణ జ్ఞాపికలకీ డబ్బాతో బంగారు రంగు చిమ్మడం. సాయంత్రం ముక్కు చీదితే చేతిరుమాలు మీద పచ్చగా మెరిసేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన. తండ్రి ఇమ్మానుయేలు నేర్పిన అసలు బంగారు రేకు పని చేతిలో ఉండి కూడా, ఆయన పోయాక నిజం రేకు పట్టుకున్నది రెండుసార్లే.

ఆమె బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పైన ఉండాల్సిన పాలరాతి పలకని తీసి గోనెసంచుల మీద పడుకోబెట్టారు. దాని కింద అంచు మధ్యలో ఒక ఆడమనిషి ముఖం చెక్కి ఉంది. జుట్టులో ఆకులు, గవ్వలు. కాళ్ళు పైన ఉబ్బి, నడుం దగ్గర సన్నబడి, కింద మళ్ళీ బయటికి తిరిగి, రెండూ కలిసేచోట ఒక పూలకుండీ. మొత్తం మీద నూనె పొగ, ఈగల రెట్ట, ఎవరో మహానుభావుడు అక్కడక్కడా పూసిన గోల్డు పెయింటు. కుడికాలు మీద చేతి వెడల్పున పూతే లేచిపోయింది. ముఖానికి ముక్కు కొన మీద తెల్లసుద్ద కనిపిస్తోంది.

చూపుడువేలి గోటితో మసిని కొద్దిగా పక్కకి తోసింది. కింద వెచ్చగా, మెత్తగా మెరిసింది.

"రంగు కాదమ్మా ఇది, అసలు రేకే" అంది. "సేస్తాను. నాలుగు రోజులు పడతాది."

"శనివారానికి అయిపోవాలి. సోమవారం వైజాగ్ నుంచి అనూరాధగారు వస్తున్నారు. పాత భవనాలు బాగుచేయించే ఆవిడ. ఆవిడ చేతిలో ఒక బంగళా ఉంది. పద్నాలుగు నిలువుటద్దాలు, అన్నిటికీ ఇలాంటి బంగారు చట్రాలే. రేకు పని తెలిసినవాళ్ళు దొరక్క తల పట్టుకుంటోంది. నీ చెయ్యి నచ్చిందా, ఆ అద్దాలన్నీ నీవే అనుకో."

పద్నాలుగు అద్దాలు. ఏడాది పని. లీలారాణి పైకి ఏమీ అనలేదు గానీ, ఆ లెక్క విన్న దగ్గర్నుంచీ డబ్బా చప్పుడు చెవుల్లో ఆగిపోయినట్టే అనిపించింది.

బల్లని పక్క వరండాలో గోడకి తగిలించారు. అరసవల్లిలో కొత్తగా కట్టిన ఇల్లు అది. శైలజ భర్త త్రినాథ్‌ది గ్రానైటు వ్యాపారం, కాబట్టి మెట్లకీ గోడలకీ చివరికి మొక్కల కుండీల గట్టుకీ గ్రానైటే. ముందరి గేటు కార్లకి, సందు గేటు పనివాళ్ళకి. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, ముందరి గేటు దగ్గర నిలబడితే సందువైపు వేలు చూపిస్తారు.

పదకొండింటికి పనిమనిషి అసిరమ్మ టీ తెచ్చింది. ఇంట్లోవాళ్ళకి స్టీలు గ్లాసులు, లీలారాణికి కాగితం గ్లాసు. ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తారు. వెనకటిలా వేరే గ్లాసు పెట్టి దాన్ని చూరులో దోపితే పాపం, మాట పడాల్సి వస్తుంది. కాగితం గ్లాసైతే శుభ్రత అనొచ్చు. తాగి, నలిపి, తనే చెత్తబుట్టలో వేసింది.

త్రినాథ్ తల్లి చిన్నతల్లి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి, నుదుటి మీద విభూతి, గొంతులో ఎప్పుడూ వెన్న.

"ఏ పేటే పిల్లా మీది?"

"మిషన్ చర్చి ఎనకాలమ్మా."

"అలాగా" అంది చిన్నతల్లి చల్లగా. అడగాల్సింది అడిగింది, తెలియాల్సింది తెలిసింది. కాసేపటికి లోపలికి వెళ్ళి ఒక అరటిపండు తెచ్చి, లీలారాణి దోసిలి పడితే, జానెడు ఎత్తు నుంచి వదిలింది. "తినే, మంచి పండు."

మంచి పండే. లీలారాణి దాన్ని తినేసింది. తిట్టేవాళ్ళని తిట్టుకుని ఊరుకోవచ్చు. ప్రేమగా వదిలేవాళ్ళని ఏం చెయ్యాలో ఆమెకి ఎప్పుడూ తెలియదు.

*

గురువారం మసి తీసే పని. వెదురుపుల్ల చివర దూది చుట్టి, నాలిక మీద ఒకసారి తడిపి, బంగారం మీద మెల్లగా దొర్లించాలి. రుద్దకూడదు, దొర్లించాలి. దూది నల్లబడగానే తీసి అవతల పడేసి, కొత్త దూది చుట్టాలి. వాడిన దూది మళ్ళీ నోటిదాకా రాకూడదు. తండ్రి ఈ ఒక్క విషయంలో మాత్రం చెయ్యి చేసుకునేవాడు. నీళ్ళు పనికిరావు, సబ్బు పనికిరాదు. ఉమ్ములో ఉన్న గుణం దేంట్లోనూ లేదు, మురికిని లేపుతుంది గానీ రేకుని ముట్టుకోదు.

మధ్యాహ్నానికి ఆడమనిషి నుదురు బయటపడింది. ఆ తర్వాత కళ్ళు. పక్కన నల్లటి దూది ఉండలు గుట్టగా పడ్డాయి. నోరంతా ఎండిపోయి, సీసాలో నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ చేస్తోంది.

"ఛీ! ఏటే అది? ఉమ్మేస్తన్నావేటి?"

చిన్నతల్లి గుమ్మంలో నిలబడి ఉంది. గొంతులో వెన్న లేదు.

"మసి తీత్తన్నానమ్మా. ఇది ఇలాగే తియ్యాల."

"ఎంగిలితోనా? ఆదివారం నాడు దీని మీద సూర్నారాయణమూర్తి పటం పెడదావనుకుంతన్నాను నాను. నీ ఎంగిలి మీదనా నా సావిని కూకోబెట్టేది? నీళ్ళు లేవేటి ఇంట్లో?"

"నీళ్ళు తగల్నే కూడదమ్మా" లీలారాణి దూది పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చెప్పింది. "రేకు కింద ఎర్రమన్ను ఉంటాది, దాని కింద సుద్ద. రెండూ జిగురుతో కలిపినవే. తడిగుడ్డ తగిలిందంటే జిగురు కరిగిపోయి రేకు లేచిపోతాది. ఉమ్మైతే పైపైన మసినే తీస్తాది."

శైలజ లోపల్నుంచి వచ్చింది. "అత్తయ్యా, అది పద్ధతే. నేను ఫోన్లో చూశాను. విదేశాల్లో పెద్ద పెద్ద మ్యూజియాల్లో కూడా ఉమ్ముతోనే తుడుస్తారు" అని, లీలారాణి వైపు తిరిగి, "నీళ్ళు తగలకూడదు, అంతే కదా? నేను చూసుకుంటాలే" అంది.

విదేశాల పేరు చెప్పేసరికి చిన్నతల్లి ఇంకేమీ అనలేదు. కానీ వెళ్తూ వెళ్తూ నేల మీది దూది ఉండల్ని చూసిన చూపు లీలారాణి చూసింది. కుక్క చేసిన పనిని చూసే చూపు అది. ఆ దూది ఉండలన్నీ తనే ఏరి, కవరులో కట్టి, ఇంటికి పట్టుకెళ్ళి పారేసింది. ఆ ఇంటి చెత్తబుట్ట కూడా ముట్టుకోవాలనిపించలేదు.

శుక్రవారం సుద్ద నింపడం, ఆరాక నున్నగా గీకడం, ఎర్రమన్ను నాలుగు పూతలు. శనివారం రేకు.

రేకు పట్టే వేళ ఫ్యాను ఉండకూడదు. గాలి వస్తే రేకు ఎగిరిపోతుంది, లేదా మడత పడి చస్తుంది. వరండా తెరలు దించేసి, తలకి తువ్వాలు బిగించి కట్టుకుంది, చెమట చుక్క బంగారం మీద పడకుండా. ఎండ గ్రానైటుకి తగిలి, గ్రానైటు నుంచి మళ్ళీ మనిషికి తగులుతోంది. వెడల్పాటి పలచని కుంచెని చెంప మీద ఒకసారి రాసుకుంటుంది. చెంప మీది జిడ్డు కాస్త అంటితే గానీ రేకు కుంచెకి లేవదు. చిన్న చిన్న చోట్ల తడి కుంచె కూడా పనికిరాదు, పక్కనున్న పాత రేకు చెడుతుంది. అక్కడ నోరు దగ్గరగా పెట్టి 'హా' అని ఊపిరి వదలాలి. ఆ ఆవిరికి మన్నులోని జిగురు ఒక్క క్షణం మేలుకుంటుంది. ఆ క్షణం దాటకముందే రేకు వాలాలి.

చెంప, రేకు, ఊపిరి. చెంప, రేకు, ఊపిరి. ఆడమనిషి ముక్కు కొనకి మూడుసార్లు ఊపిరి పోయాల్సి వచ్చింది. చివరికి నున్నటి రాయితో నిమిరితే ముక్కు మెరిసింది. ఎక్కడ పాతది ఆగి ఎక్కడ కొత్తది మొదలైందో తనకి తెలుసు కాబట్టి కనిపిస్తోంది గానీ, లేకపోతే కనిపించదు.

గ్రానైటు గోదాం నుంచి ఇద్దరు మనుషులు వచ్చి బల్లని హాల్లో గోడకి బిగించి, పాలరాయి పైన పెట్టారు. లీలారాణి గుమ్మం ఇవతల నుంచే చూసింది. శైలజ మూడు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది.

"తడిగుడ్డ మాత్రం తగలనీకండమ్మా" మళ్ళీ చెప్పింది లీలారాణి.

"ఎన్నిసార్లు చెప్తావే తల్లీ. తెలుసులే" నవ్వింది శైలజ.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాల్ అన్నం తింటూ అన్నాడు. "నిన్న రాత్రి కునికిపాట్లు పడతా కూడా హా హా అని ఊదతన్నావు. ఎవుల మీదే అంతలా ఊదతన్నావు?"

"నీకేటి తెలుసు" అంది లీలారాణి. చాలారోజుల తర్వాత భర్తతో ఊరికే నవ్వింది. "రేపు ఆయమ్మ సూస్తాది. నచ్చిందా, మీ ఆటో ముందర నేమ్‌బోర్డుకి కూడా అసలు రేకే ఏస్తాను."

"ఏస్తే పోలీసోలు ఆటో పట్టుకుపోతారు" అన్నాడు పాల్.

సోమవారం ఏడింటికే ఫోన్ మోగింది.

"ఏం చేశావు లీలా? నీ బంగారం ఊడిపోయింది" శైలజ గొంతు. "ఒక కాలంతా బోడైపోయింది. పదకొండింటికి ఆవిడొస్తుంది. వెంటనే రా."

పాల్ ఆటోలో దింపేసరికి ఎనిమిది. సందు గేటు తీసి ఉంది. ఈసారి తిన్నగా హాల్లోకే రమ్మన్నారు, అవసరం అలాంటిది మరి. బల్ల మీద సూర్యనారాయణమూర్తి పటం, మందారాలు, ఆరిపోయిన కుంది. కింద ఎడంకాలు పైనుంచి మడమదాకా ఎర్రగా, తెల్లగా, చర్మం ఒలిచినట్టు ఉంది. ఆడమనిషి ముఖం సగం ఉంది, సగం లేదు. మూడు ఊపిర్లు పోసిన ముక్కు లేదు. కుడికాలు మాత్రం శనివారం ఎలా వదిలిందో అలాగే మెరుస్తోంది.

లీలారాణి దగ్గరగా కూర్చుని చూసింది. జుట్టులో గవ్వల మధ్య సందుల్లో పచ్చగా ఏదో ఎండిపోయి ఉంది. పొడి దూదితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు.

సామాన్లు తెచ్చుకునే వంకతో పెరట్లోకి వెళ్ళింది. కొళాయి దగ్గర అసిరమ్మ గిన్నెలు తోముతోంది. లీలారాణి ఏమీ అడగలేదు, ఊరికే నిలబడింది.

"నన్నేటీ అనకు" అంది అసిరమ్మ తలెత్తకుండా. "నిన్న పొద్దున్న పటం పెట్టీ ముందర. ఎంగిలి సేసీసినాది, శుద్ధి సెయ్యకుండా సావిని ఎలా పెడతావని. ఒక బకిట్లో పసుపునీళ్ళు కలిపించి, పెద్దమ్మే గుడ్డ ముంచి తుడిసినారు. గుడ్డకి ఎర్రగా అంటుకునీసరికి బెదిరిపోయి ఆగిపోనారు. నేదంటే ఆ కాలు కూడా పోయీది."

"శైలజమ్మకి తెలుసా?"

"పక్కనే ఉన్నారు కదా. నీళ్ళు తగలకూడదంట అత్తయ్యా అన్నారు. పసుపునీళ్ళు మామూలు నీళ్ళేటే అన్నారు పెద్దమ్మ. ఇంకేటంటారు?"

లీలారాణి ముందుకి వంగింది. కొళాయి కింద చేతులు పెట్టి కడుక్కుంది, మోచేతుల దాకా. ఆ ఇంటి నీళ్ళే అవి, అయినా కడుక్కుంది. ఉమ్ముకి చెక్కుచెదరని బంగారం, పసుపునీళ్ళకి పోయింది. ఇంత తెలివితక్కువ సంగతి ఎవరికైనా చెప్పినా నమ్మరు.

తిరిగొచ్చేసరికి శైలజ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది. "చూడు లీలా, ఎలా జరిగిందో జరిగింది. పెద్దావిడ, ఆవిడ నమ్మకం ఆవిడది. అనూరాధగారి ముందు ఈ నీళ్ళ సంగతి ఎత్తకు. బాగోదు, ఇంటి పరువు. జిగురు కాస్త పలచనైందండీ, మళ్ళీ వేస్తానండీ అను. అంతే. మిగతాది నేను మాట్లాడతాను. ఆ అద్దాల పని నీకిప్పించే పూచీ నాది."

"పని రాని దానికి పనెందుకిస్తాదమ్మా ఆయమ్మ?"

"నేను చెప్తే ఇస్తుంది" అంది శైలజ. తను అన్న మాటలో ఏదైనా తప్పుందేమోనన్న అనుమానం ఆమె ముఖంలో ఎక్కడా లేదు. సెంటు వాసన గుప్పుమని కొడుతోంది. లీలారాణి ఒక అడుగు వెనక్కి వేసింది.

వెళ్ళిపోదామనుకుంది. సందు గేటు దాటితే చాలు. కానీ వెళ్ళిపోతే ఆ ఒలిచిన కాలు తన పేరు మీదే మిగిలిపోతుంది. శ్రీకాకుళంలో ఒకామె ఉంది, రేకు వేస్తే వారానికి ఊడిపోతుంది అని. ఆ పేరు వైజాగ్ దాకా పాకుతుంది, ఇంక షీల్డులకి రంగు చిమ్ముకుంటూనే బతకాలి. బల్ల పక్కన నేల మీద కూర్చుంది, పెట్టె తెరవకుండా.

*

అనూరాధ పదకొండున్నరకి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. నేత చీర, పొట్టి జుట్టు, భుజానికి గుడ్డ సంచి. వస్తూనే బల్ల దగ్గరికి వెళ్ళి, చెప్పులు విప్పి, నేల మీద గొంతుక్కూర్చుంది. చిన్నతల్లి హడావుడిగా పీట తెప్పించింది, తనే అందించింది.

"అయ్యో" అంది అనూరాధ ఎడంకాలు చూసి. "ఇదేమిటి ఇలా పోయింది? తడి తగిలిందా?"

"చుక్క నీరు కూడా తగల్లేదండీ" అంది శైలజ. "శనివారం బాగానే ఉంది. ఆదివారానికి దానంతటదే లేచిపోయింది. ఇక్కడ ఇంతకంటే మనుషులు దొరకరు కదండీ. తెలిసీ తెలియని పని."

అనూరాధ లీలారాణి వైపు తిరిగింది. "మీరేనా వేసింది? జిగురు పలచగా కలిపారా?"

శైలజ కళ్ళు లీలారాణి మీద ఉన్నాయి. చిన్నతల్లి కళ్ళు పటం మీద ఉన్నాయి. లీలారాణి నోరు తెరిచింది, మాట రాలేదు. ఒప్పుకోవడానికీ రాలేదు, కాదనడానికీ రాలేదు. ఆ మౌనాన్ని అనూరాధ ఏమనుకుందో, పెదవి విరిచి, సంచిలోంచి చిన్న భూతద్దం తీసి కుడికాలు మీద పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఇది పాతదేనా?"

"మోకాలు దగ్గర చేతి వెడల్పున నాదండి" అంది లీలారాణి.

అనూరాధ మళ్ళీ వంగింది. వెతికింది. దొరకలేదు. సంచిలోంచి దూది తీసి, ఒక పుల్లకి చుట్టి, అలవాటుగా నాలిక మీద తడుపుకుని, ఆ మోకాలు మీద దొర్లించింది. రెండుసార్లు, మూడుసార్లు. దూది తెల్లగానే ఉంది. రేకు కదల్లేదు.

"ఇక్కడ గట్టిగానే ఉందే" అని తనలో తను అనుకుంటూ, తడి దూది ఎక్కడ పడెయ్యాలా అని అటూ ఇటూ చూసింది.

"ఇలా ఇచ్చీండమ్మా" అంది చిన్నతల్లి. ఆమె చెయ్యి చాపింది. అనూరాధ నోటిలోంచి వచ్చిన ఆ దూదిని అరచేతిలోకి తీసుకుని, మడిచి పట్టుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు. "కాఫీ సల్లారిపోతన్నాది, తాగండి" అని వెండి గ్లాసు దగ్గరికి జరిపింది.

లీలారాణికి అప్పటిదాకా ఉన్నది బాధో, భయమో, పని పోతుందన్న దిగులో. ఆ ముసలి అరచేతిలో ఆ దూది చూశాక అవేవీ మిగల్లేదు. రోత ఒక్కటే మిగిలింది. ముక్కులోకి, స్ప్రే డబ్బా వాసనకంటే ఘాటుగా. ఉమ్ము అసహ్యమైతే ఏ ఉమ్మైనా అసహ్యమే కావాలి. తన నాలికే అసహ్యమన్నమాట. శనివారమంతా తను పోసిన ఊపిరి అసహ్యం.

లేచి, పెరటి తలుపు దగ్గరికి వెళ్ళింది. "అసిరమ్మక్కా, బకిట్లో నీళ్ళు పట్రా. పసుపు కలిపి తే. గుడ్డ కూడా."

అసిరమ్మ ఒకసారి ఆమె మొహం చూసింది. ఎందుకని అడగలేదు. పచ్చటి నీళ్ళ బకెట్టు తెచ్చి హాలు మధ్యలో, గ్రానైటు మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"ఏటే ఇది?" అంది చిన్నతల్లి.

"ఎంగిలైపోనాది కదమ్మా" అంది లీలారాణి. గొంతు ఆమెకే కొత్తగా, నెమ్మదిగా వినిపించింది. "సావి పటం కిందన. శుద్ధి సెయ్యాల కదా. మీకు శ్రమెందుకు, నాను సేస్తాను."

"ఆయమ్మ సంగతి ఏరే..." అంటూ చిన్నతల్లి ఆగిపోయింది.

లీలారాణి గుడ్డ ముంచింది. పిండలేదు. పచ్చటి నీళ్ళు మోచేతి మీదుగా కారి చీర మీద పడుతున్నాయి. కుడికాలు ముందు కూర్చుంది. తన చేతి వెడల్పు బంగారం ఎదురుగా ఉంది, చుట్టూ ఎవరో ఎప్పుడో ఏ దేశంలోనో వేసిన బంగారం. ఊరికే బెదిరించడానికి కాదు, తను నిజంగా తుడిచేస్తుందని ఆ క్షణంలో ఆమెకే తెలిసింది. ఇంత పనిమంతురాలివై ఉండి ఇదేం పనే అని తండ్రి చెయ్యెత్తినా సరే. గుడ్డ మోకాలికి రెండు వేళ్ళ దూరంలోకి వచ్చింది.

"వద్దు!" శైలజ అరిచింది. వచ్చి లీలారాణి మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. "తడి తగిల్తే ఇది కూడా లేచిపోతుంది! ఒక కాలు పోయింది చాలదా!"

గుడ్డలోంచి ఒక చుక్క నేల మీద పడింది. ఇంకొకటి పడింది.

అనూరాధ వెండి గ్లాసు కింద పెట్టింది. బకెట్టు వైపు చూసింది, ఎడంకాలు వైపు చూసింది, భూతద్దం తీసుకుని ఆడమనిషి జుట్టులో గవ్వల మధ్య చూసింది. చిన్నవేలి గోటితో అక్కడ గీకి, ఆ గోరు వెలుతురులో పెట్టుకుంది. గోటి కింద పచ్చగా ఉంది. శైలజ అప్పుడు గానీ లీలారాణి చెయ్యి వదల్లేదు. వదిలాక, తను పట్టుకున్నది ఎవరి చెయ్యో గుర్తొచ్చినట్టు, రెండు చేతులూ గాల్లోనే కాసేపు పట్టుకుని నిలబడింది.

"చుక్క నీరు కూడా తగల్లేదన్నారు" అంది అనూరాధ.

చిన్నతల్లి అరచెయ్యి మెల్లగా తెరుచుకుంది. అందులో దూది ఇంకా ఉంది. దాన్ని పడెయ్యాలో, పట్టుకోవాలో తెలియక, చీర కొంగు అంచులో పెట్టుకుంది పాపం.

లీలారాణి గుడ్డ బకెట్లో పడేసింది. చేతులు చీరకి తుడుచుకుని, తన పెట్టె తీసుకుంది. రేకులు దాచే పుస్తకం, నున్నటి రాయి, కుంచె అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది.

"మరి ఈ కాలు?" అంది శైలజ. గొంతులో ఆజ్ఞ లేదు, అలవాటు మాత్రం ఉంది. "సగంలో వదిలేసి వెళ్తావా?"

"సగంలో కాదమ్మా. మొన్న శనివారం పూర్తి సేసే ఎల్లాను" అంది లీలారాణి.

సందు వైపు కాదు, ముందరి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. కోపంతో కాదు, అదే దగ్గర. మెట్ల కింద చెప్పుల్లేవు, అవి సందు గేటు దగ్గర ఉన్నాయి. కాలుతున్న గ్రానైటు మీద ఒట్టికాళ్ళతో తిరిగి వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. నోరు మాత్రం చేదుగా ఉంది. రోడ్డు పక్కకి వెళ్ళి ఉమ్మేసింది.

పాల్‌కి ఫోన్ చేస్తుంటే వెనక నుంచి అనూరాధ వచ్చింది, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయాసపడుతూ.

"లీలారాణిగారూ, ఆగండి. మీరు మొదటే ఎందుకు చెప్పలేదు నాకు?"

లీలారాణి ఆమె మొహంలోకి చూసింది. మంచి మొహమే. అడుగుతున్నది నిజంగా తెలియకే అడుగుతోంది. దానికి కూడా కొంచెం వెగటేసింది.

"మీరు నన్నడిగింది జిగురు గురించండి" అంది.

అనూరాధ ఎండకి అడ్డం పెట్టిన చెయ్యి దించింది. ఒక ఆటో హారను కొట్టుకుంటూ గుడివైపు వెళ్ళిపోయింది. "ఆ మోకాలు దగ్గర మీ పని నాకు కనపడలేదు" అంది చివరికి. "ఎంత వెతికినా కనపడలేదు. నాకు ఇంకేం అక్కర్లేదు. పద్నాలుగు అద్దాలున్నాయి. వచ్చే సోమవారం మొదలుపెట్టగలరా?"

ఈ మాట కోసమే బుధవారం నుంచీ ఎదురుచూసింది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. లీలారాణి పెట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఆ బంగళాలో ఎవులుంటారండి?" అని అడిగింది.

అనూరాధకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల దించుకుంది.

"ఎవరూ లేరు. ఇరవై ఏళ్ళుగా ఖాళీ."

"అయితే వస్తాను" అంది లీలారాణి.